కారు స్టార్ట్ కావట్లేదా? షెడ్డుకు ఫోన్ చేసే ముందు ఇవి చూడండి.. నీళ్లలో మునిగితే మాత్రం తాళం తిప్పొద్దు!

కుసుమంచి: పొద్దున్నే ఊరికి బయల్దేరదామని తాళం తిప్పితే కారు టక్.. టక్.. అంటుంది తప్ప లేవదు. సూర్యాపేట - ఖమ్మం హైవే మీద ఉన్న కుసుమంచిలాంటి మండల కేంద్రాల్లో కారున్నవాళ్లకు ఇది మామూలే. కంపెనీ సర్వీస్ సెంటర్ కావాలంటే ఖమ్మమో, సూర్యాపేటో పోవాలి. లేవని బండిని అంత దూరం లాక్కెళ్లాలంటే టోయింగ్ ఖర్చే తడిసి మోపెడవుతుంది. తీరా అక్కడికి వెళ్లాక తేలేదేంటంటే.. బ్యాటరీ టెర్మినల్ వదులైందని! 10 నంబర్ స్పానర్‌తో రెండు నిమిషాల్లో అయిపోయే పని.

దీనికి పూర్తిగా రివర్స్ కేసు ఇంకోటి ఉంది. ఇంట్లోవాళ్లు తెలియక ఒక్కసారి సెల్ఫ్ కొట్టడం వల్ల బాగుండాల్సిన ఇంజిన్ కాస్తా తుక్కు కింద పోతుంది. కాబట్టి ఇంటి దగ్గర కారు చూసుకోవడం అంటే అన్నీ విప్పేయడం కాదు. లోపం ఎక్కడుందో కనిపెట్టడం, ఎక్కడ ఆగాలో తెలియడం. ఈ రెండూ వస్తే చాలు.

వరద నీళ్లలో మునిగిన కారు.. మొదటి రూల్ ఇదే

2024 సెప్టెంబర్ 1 ఈ ప్రాంతం అంత తేలిగ్గా మర్చిపోయే రోజు కాదు. పాలేరు రిజర్వాయర్ పొంగి నాయకన్‌గూడెం దగ్గర హైవేను ముంచెత్తింది. అదే రోజు ఖమ్మంలో మున్నేరు ఉప్పొంగి బొక్కలగడ్డ, ప్రకాశ్‌నగర్ లాంటి కాలనీలు నీట మునిగాయి. నీళ్లు తీశాక ఇళ్ల ముందు బురద మేటలు, బురదలో కూరుకుపోయిన కార్లు, బైకులే కనిపించాయి.

అలాంటప్పుడు ఎవరికైనా మొదట అనిపించేది ఒక్కటే. 'ఓసారి స్టార్ట్ చేసి చూద్దాం, పని చేస్తుందేమో!' సరిగ్గా ఇదే చేయకూడదు. ఇంజిన్ సిలిండర్‌లో పిస్టన్ నొక్కేది గాలిని. గాలి నొక్కితే కుదించుకుపోతుంది, నీళ్లు కుదించుకుపోవు. సిలిండర్‌లోకి నీళ్లు చేరాక సెల్ఫ్ కొడితే పిస్టన్ ఆ నీళ్లకు గోడకు గుద్దుకున్నట్టు గుద్దుకుంటుంది. కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఒక్కోసారి ఇంజిన్ బ్లాకే పగులుతుంది. దీన్నే హైడ్రోలాక్ అంటారు. నీళ్లు తీసేసి, ఆయిల్ మార్చి, ఆరబెడితే బతికే ఇంజిన్‌ను ఒక్క తాళం తిప్పుడుతో చంపేసినట్టే. 'సెల్ఫ్ కొట్టలేదు కదా, తోసి స్టార్ట్ చేశాం' అన్నా తేడా లేదు. అప్పుడూ పిస్టన్ అంతే కదులుతుంది.

మరి ఏం చేయాలి? ముందుగా నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో తెలిసేలా బురద గీతతో సహా నాలుగు వైపులా ఫొటోలు, వీడియో తీసుకోవాలి. ఇన్సూరెన్స్ సర్వేయర్ మొదట అడిగేది ఇదే. తర్వాత బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ ఊడదీయాలి. ఇక్కడ ఇగ్నిషన్ ఆన్ చేయడం కూడా వద్దు.. తడిసిన వైరింగ్, కంప్యూటర్ యూనిట్లు షార్ట్ అవుతాయి. ఆ తర్వాత ఇంజిన్ ఆయిల్ డిప్‌స్టిక్ తీసి చూడొచ్చు. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు వెళ్లినట్టే. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచి చూస్తే ఇంకా స్పష్టం. ఫిల్టర్ తడిగా ఉంటే ఇక ఆ బండిని టోయింగ్‌లోనే షెడ్డుకు పంపాలి. ఎలక్ట్రిక్ కారు అయితే ఇవేవీ వద్దు. బానెట్ కింద నారింజ రంగు కేబుళ్లు కనిపిస్తే అవి హై వోల్టేజ్ లైన్లు. దూరంగా ఉండి కంపెనీకి ఫోన్ చేయాల్సిందే.

డబ్బుల విషయం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మాత్రమే ఉంటే వరదలో మీ కారుకు జరిగిన నష్టానికి పైసా రాదు. కాంప్రహెన్సివ్ పాలసీ ఉంటే వరద నష్టం కవర్ అవుతుంది. కానీ నీళ్లలో ఉన్న బండిని స్టార్ట్ చేయడం వల్ల ఇంజిన్ పోతే, అది వరద వల్ల కాదు, మీ చర్య వల్ల అని కంపెనీ పేచీ పెడుతుంది. 'ఇంజిన్ ప్రొటెక్షన్' యాడ్ ఆన్ ఉన్నది ఇందుకే. పాలేరు, మున్నేరు, ఆకేరు పరివాహకంలో ఉండేవాళ్లు పాలసీ రెన్యువల్ చేసేటప్పుడు వేరే యాడ్ ఆన్‌లు వదిలేసినా ఇది వదులుకోకపోవడమే మేలు.

రోడ్డు మీద పారుతున్న నీళ్ల సంగతి వేరు. అక్కడ రిపేర్ అనే మాటే లేదు. అదే సెప్టెంబర్ 1న మరిపెడ మండలంలో ఆకేరు వాగు ఉధృతికి ఓ కారు కొట్టుకుపోయింది. అందులో ఉన్న ఖమ్మం జిల్లాకు చెందిన యువ శాస్త్రవేత్త, ఆమె తండ్రి ప్రాణాలు కోల్పోయారు. అడుగు లోతు ప్రవాహం చాలు చిన్న కారును తేల్చేయడానికి. రెండడుగులైతే పెద్ద బండ్లు కూడా ఆగవు. కల్వర్టు మీద నీళ్లు పారుతుంటే వెనక్కి తిప్పడమే.

స్టార్ట్ కావట్లేదంటే.. శబ్దం వినండి

మామూలు రోజుల్లో వచ్చే కంప్లైంట్లలో ఎక్కువ ఇదే. ఇక్కడ చెవులే సగం పని చేస్తాయి.

తాళం తిప్పగానే టక్ టక్ టక్ అని వరుసగా వస్తే బ్యాటరీ దిగిపోయింది, లేదా టెర్మినల్ పట్టు సరిగా లేదు. ఒక్కసారే గట్టిగా 'టక్' అని ఆగిపోతే సెల్ఫ్ మోటార్ మీద అనుమానం. సెల్ఫ్ బాగానే తిరుగుతోంది కానీ ఇంజిన్ అందుకోవట్లేదంటే పెట్రోలో, స్పార్కో అందట్లేదు. అసలు ఏ చప్పుడూ లేదా? హెడ్‌లైట్లు వేసి మళ్లీ తాళం తిప్పండి. లైట్లు బాగా డిమ్ అయిపోతే బ్యాటరీ వైపు తప్పు. లైట్లు అలాగే వెలుగుతూ ఉంటే సెల్ఫ్‌కు కరెంట్ వెళ్లట్లేదు. కొత్త మోడళ్లలో క్లచ్ పూర్తిగా తొక్కితేనే సెల్ఫ్ తిరుగుతుంది, ఆటోమేటిక్ అయితే గేర్ పార్కింగ్‌లోనో న్యూట్రల్‌లోనో ఉండాలి. ఇది మర్చిపోయి మెకానిక్‌ను పిలిపించుకున్నవాళ్లూ ఉన్నారు!

ఇంట్లో మల్టీమీటర్ ఉంటే ఊహలతో పనిలేదు. రాత్రంతా ఆగి ఉన్న కారు బ్యాటరీ మీద 12.6 వోల్టులు చూపిస్తే ఫుల్ చార్జ్. 12.2కు వచ్చిందంటే సగం దిగినట్టు. 12 కంటే తక్కువైతే దాదాపు ఖాళీ. బండి స్టార్ట్ అయ్యాక అదే మీటర్ సుమారు 13.7 నుంచి 14.7 మధ్య చూపించాలి. అలా చూపించకుండా 12 దగ్గరే ఉంటే బ్యాటరీ తప్పు కాదు, దాన్ని చార్జ్ చేయాల్సిన ఆల్టర్నేటర్ పని చేయట్లేదు. ఈ చిన్న పరీక్ష చేయకుండా కొత్త బ్యాటరీ కొనేసి, వారానికి అదీ దిగిపోయాక తల పట్టుకోవడం చాలాచోట్ల జరిగేదే.

టెర్మినల్స్ మీద తెల్లగానో, పచ్చగానో బూజులాంటి పొడి పేరుకుంటే అదే కరెంట్‌ను అడ్డుకుంటుంది. ముందు నెగెటివ్, తర్వాత పాజిటివ్ ఊడదీయాలి. గోరువెచ్చని నీళ్లలో వంటసోడా కలిపి పాత టూత్ బ్రష్‌తో రుద్ది, తుడిచి, ఆరాక బిగించాలి. బిగించేటప్పుడు వరుస మారుతుంది.. ముందు పాజిటివ్, చివర్లో నెగెటివ్. పైన కాస్త వ్యాజలిన్ రాస్తే మళ్లీ త్వరగా పట్టదు.

ఇంకో కారుతో జంప్ ఇచ్చేటప్పుడు వైర్ల వరుస ముఖ్యం. ఎర్ర వైరు దిగిపోయిన బ్యాటరీ పాజిటివ్‌కు, దాని రెండో కొస మంచి బ్యాటరీ పాజిటివ్‌కు. నల్ల వైరు మంచి బ్యాటరీ నెగెటివ్‌కు, రెండో కొస మాత్రం దిగిపోయిన బ్యాటరీకి కాదు, ఆ కారు ఇంజిన్ మీద రంగు లేని ఇనుప భాగానికి. ఎందుకంటే చివరి కనెక్షన్ దగ్గర నిప్పురవ్వ వస్తుంది, బ్యాటరీ నుంచి హైడ్రోజన్ గ్యాస్ వెలువడుతుంటుంది. రెండూ ఒకచోట ఉండకూడదు. బ్యాటరీ ఉబ్బి ఉన్నా, పగిలి ఉన్నా జంప్ ప్రయత్నమే వద్దు.

సెల్ఫ్ తిరుగుతూ ఇంజిన్ అందుకోని పెట్రోల్ కారులో ఇంకో చెక్ ఉంది. తాళం ఆన్ వరకు మాత్రమే తిప్పి వెనక సీటు వైపు వినాలి. ఒకట్రెండు సెకన్లు సన్నగా 'జుయ్' మంటే పెట్రోల్ పంపు పని చేస్తున్నట్టు. ఏమీ వినపడకపోతే ముందు ఫ్యూజు బాక్సు చూడాలి. కాలిన ఫ్యూజు స్థానంలో అదే ఆంపియర్‌ది వేయాలి తప్ప ఎక్కువది వేయకూడదు. వైరు ముక్క, వెండి కాగితం చుట్టి పని కానిస్తే కారే కాలిపోయే ప్రమాదం ఉంది. డీజిల్ బండి ట్యాంకు పూర్తిగా ఖాళీ అయ్యాక డీజిల్ పోసినా లేవకపోతే లైన్లో గాలి చేరినట్టు. కొన్ని మోడళ్లలో ఫిల్టర్ దగ్గరున్న చేతి పంపుతో గాలి తీసేయొచ్చు.

ఎండాకాలం.. సూది పైకి లేస్తే

ఖమ్మం, కొత్తగూడెం ప్రాంతంలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటిన రోజులు జనానికి తెలుసు. కార్లకూ అదే గండం. ఖమ్మం దాటి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం అడవి దారి పట్టాక మధ్యలో సూది ఎర్ర గీత దగ్గరికి వస్తే పక్కన షెడ్డు దొరుకుతుందన్న నమ్మకం లేదు.

సూది లేస్తుండగానే ఏసీ ఆపేసి, హీటర్ ఫుల్లు పెట్టి అద్దాలు దించాలి. వినడానికి విడ్డూరంగా ఉన్నా, హీటర్ ఇంజిన్ వేడిని లాక్కొని బయటికి వదులుతుంది. ఆ తర్వాత బండి పక్కకు ఆపి ఇంజిన్ ఆఫ్ చేయాలి. ఇక్కడే చాలామంది చేతులు కాల్చుకుంటారు. రేడియేటర్ లోపల ప్రెషర్ ఉంటుంది కాబట్టి 100 డిగ్రీలు దాటినా కూలెంట్ మరగకుండా ఉంటుంది. మూత తీసిన మరుక్షణం ప్రెషర్ పోయి మొత్తం ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి చిమ్ముతుంది. కనీసం అరగంట ఆగి, పై గొట్టం చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాకే మూత జోలికి వెళ్లాలి. కాగిన ఇంజిన్‌లో చల్లటి నీళ్లు గుమ్మరించినా ప్రమాదమే, సిలిండర్ హెడ్ పగలొచ్చు. గత్యంతరం లేనప్పుడు తాగే నీళ్లు పోసి షెడ్డు దాకా రావొచ్చు. కానీ ఆ నీళ్లతోనే నెలల తరబడి తిప్పితే లోపల తుప్పు పడుతుంది.

కారణం కనుక్కోవడం ఇంటి దగ్గర చేయగలిగిన పనే. చల్లటి ఇంజిన్‌లో కూలెంట్ డబ్బా గీతల మధ్య ఉందా? ఏసీ వేస్తే రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతోందా? ఫ్యాన్ తిరగకపోతే ఫ్యూజు, రిలే చూడాలి. చేయి మాత్రం ఫ్యాన్‌కు దూరంగా ఉంచాలి, ఇంజిన్ ఆపినా అది తనంతట తాను తిరగొచ్చు. కూలెంట్ వారం వారం తగ్గుతోంది, కింద మాత్రం చుక్క కనిపించట్లేదు, సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ, కాస్త తియ్యటి వాసన.. ఇవి కలిసి వస్తే హెడ్ గ్యాస్కెట్ పోయినట్టు. అప్పుడు ఇంటి వైద్యం ఆపేయాలి.

కింద పడ్డ చుక్క ఏంటో తెలియాలంటే రాత్రి కారు కింద ఓ అట్టముక్క పరచండి. పొద్దున రంగే చెబుతుంది. రంగు లేని నీళ్లయితే ఏసీవి, భయం లేదు. ఆకుపచ్చ, గులాబీ, నారింజ రంగులో జిగటగా ఉంటే కూలెంట్. నల్లగా, గోధుమ రంగులో ఉంటే ఇంజిన్ ఆయిల్. చక్రం దగ్గర లేత పసుపు రంగులో నూనెలా ఉంటే బ్రేక్ ఆయిల్ కావొచ్చు. ఈ చివరిది కనిపిస్తే కారు గుమ్మం దాటకూడదు. పెట్రోల్ వాసన వచ్చినా అంతే.

బ్రేకులు, టైర్లు.. ఇక్కడ ప్రయోగాలు వద్దు

వానలో తడిసిన మర్నాడు పొద్దున బ్రేక్ వేస్తే కాసేపు కీచుమంటే కంగారక్కర్లేదు. డిస్క్ మీద పట్టిన సన్నటి తుప్పు అది, నాలుగు బ్రేకులకు పోతుంది. రోజూ కీచుమంటుంటే ప్యాడ్లు అయిపోవచ్చాయని. గరగరా ఇనుము రాసుకున్న శబ్దం వస్తే ప్యాడ్లు అయిపోయి డిస్క్‌ను తినేస్తున్నట్టు. పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంటే లైన్లో గాలి చేరింది, లేదా లీకేజీ ఉంది. ఇంటి దగ్గర చేయాల్సిందల్లా బ్రేక్ ఆయిల్ డబ్బాలో లెవల్ చూడటం వరకే. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది కాబట్టి సాధారణంగా రెండేళ్లకోసారి మార్పించాలి. డబ్బా మీద ఉన్న గ్రేడే, అంటే డాట్ 3 అయితే అదే, డాట్ 4 అయితే అదే వాడాలి.

టైర్ ఎలా అరిగిందో చూస్తే సగం జాతకం తెలిసిపోతుంది. మధ్యలో అరిగితే గాలి ఎక్కువ, రెండంచులూ అరిగితే గాలి తక్కువ, ఒకే అంచు అరిగితే అలైన్‌మెంట్ పోయింది. గాలి ఎంత ఉండాలో డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉంటుంది, బండి నడవక ముందు చల్లటి టైర్లలో చూడాలి. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే రూల్ ప్రకారం ఆ టైర్ పనికిరాదు. ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్‌తో రబ్బరు పుల్ల ఎక్కించుకోవడం కష్టమేం కాదు. అయితే రోడ్డును తాకే భాగంలో మాత్రమే. టైర్ పక్క గోడకు చిల్లు పడితే పంక్చర్ వేయించకూడదు, టైర్ మార్చాల్సిందే.

స్టెప్నీ మార్చేటప్పుడు బోల్టులు బండి నేల మీద ఉండగానే కాస్త వదులు చేసి, ఆ తర్వాత జాకీ ఎక్కించాలి. బిగించేటప్పుడు వరుసగా కాకుండా ఎదురెదురుగా బిగించాలి. అన్నింటికంటే ముఖ్యం.. జాకీ మీద ఉన్న కారు కిందికి దూరకూడదు. ఆయిల్ మార్చడానికో, సైలెన్సర్ చూడటానికో జాకీని నమ్ముకొని కిందికి వెళ్తే అది జారిన క్షణంలో ఎవరూ ఏమీ చేయలేరు.

డ్యాష్‌బోర్డు లైట్లు.. ఎలుకల గోల

ఎర్ర లైట్ వెలిగితే ఆపాలి, పసుపు లైట్ వెలిగితే జాగ్రత్తగా నడిపి త్వరగా చూపించాలి. ఎర్రటి నూనె కుండ గుర్తు వెలిగాక 'ఇంకో పది కిలోమీటర్లే కదా' అని నడిపితే ఇంజిన్ జామ్ అయిపోతుంది. పసుపు రంగు ఇంజిన్ గుర్తు వెలిగితే స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు చిన్న బ్లూటూత్ అడాప్టర్ పెట్టి, ఫోన్ యాప్‌లో కోడ్ చదువుకోవచ్చు. పీ0300 వస్తే సిలిండర్లలో మిస్‌ఫైర్, పీ0171 వస్తే ఇంజిన్‌కు గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువ అందుతోందని అర్థం. అయితే కోడ్ చెప్పేది లక్షణం మాత్రమే, ఏ పార్ట్ పోయిందో కాదు. అది చూసి ఆన్‌లైన్‌లో సెన్సర్ ఆర్డర్ పెట్టేస్తే డబ్బులు దండగ. కోడ్ చెరిపేసినంత మాత్రాన లోపం పోదు కూడా.

నిన్నటిదాకా బాగున్న కారులో పొద్దున్నే ఒకేసారి ఇంజిన్ లైట్ వెలిగి, ఏసీ కూడా ఆగిపోయిందా? సెన్సర్ల కంటే ముందు ఎలుకలను అనుమానించాలి. వరి గడ్డివాములు, పత్తి నిల్వలు పక్కనే ఉండే ఊళ్లలో రాత్రిపూట వెచ్చటి ఇంజిన్ వాటికి మంచి అడ్డా. బానెట్ ఎత్తితే గడ్డి పోచలు, రెట్టలు, కొరికిన వైర్లు కనిపిస్తాయి. బ్యాటరీ ఊడదీసి, హారన్, లైట్ల లాంటి మామూలు వైర్లను అతికించుకోవచ్చు. పసుపు తొడుగు ఉన్నవి ఎయిర్‌బ్యాగ్ వైర్లు, వాటిని ముట్టుకోకూడదు. కొన్నాళ్లుగా కదపని కారునైతే తాళం తిప్పకముందే ఓసారి బానెట్ ఎత్తి చూడటం నయం. ఏసీ గాలి తక్కువగా వస్తుంటే గ్లవ్ బాక్స్ వెనక క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి. దుమ్ము, దూది పేరుకుపోయి ఉంటుంది. దులిపి పెట్టొచ్చు, మరీ నల్లగా ఉంటే కొత్తది వేసుకోవచ్చు.

డిక్కీలో ఇవి ఉంటే చాలు: 10 నంబర్ స్పానర్, జంపర్ కేబుళ్లు, గాలి మీటర్, పంక్చర్ కిట్, టార్చి, కొన్ని ఫ్యూజులు, రెండు లీటర్ల నీళ్లు, రిఫ్లెక్టర్ త్రికోణం. జాతీయ రహదారి మీద బండి ఆగిపోతే 1033కు ఫోన్ చేయొచ్చు, ఇది హైవే అథారిటీ హెల్ప్‌లైన్. ప్రమాదం జరిగితే 108 లేదా 112. సాయం వచ్చేదాకా బ్లింకర్లు వేసి, కారులో కూర్చోకుండా రోడ్డు అంచు దాటి నిలబడాలి. రాత్రిపూట లారీలు వెనక నుంచి ఢీకొట్టేది ఇలా ఆగిన బండ్లనే.